పెద్ద శిల్పాలు చేస్తానంటున్నాడు, ఇంజినీరింగ్ మాన్పించాలా?

ప్రశ్న: మాది గోదావరిఖని. మావారు సింగరేణిలో ఫిట్టర్. బాబు ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఇంగ్లండ్‌లోని ‘ఏంజెల్ ఆఫ్ ది నార్త్’ అనే రెక్కల ఉక్కు శిల్పం వీడియోలు చూసినప్పటి నుంచి ఇంజినీరింగ్ వద్దు, అలాంటి శిల్పాలే చేస్తానంటున్నాడు. దాంతో బతకగలడా?

జవాబు: అమ్మా, మీ టెన్షన్ అర్థమైంది. మీ ఇంట్లో గొడవ ‘ఇంజినీరింగా, శిల్పమా’ అని కదా, వాడు చూసిన ఆ బొమ్మ ఈ రెండూ కలిస్తేనే నిలబడింది.

ఆ బొమ్మ ఉన్న గేట్స్‌హెడ్ కూడా మీ ఊరిలాగే బొగ్గు ప్రాంతం. గనులు మూతపడ్డాక, ఒకప్పుడు గని ఉన్న చోటే, దిబ్బ మీద 1998లో దాన్ని నిలబెట్టారు. ఎత్తు 20 మీటర్లు, రెక్కలు ఈ చివరి నుంచి ఆ చివరికి 54 మీటర్లు, బరువు 200 టన్నులు. అంత రెక్క మీద గాలి ఎంత గట్టిగా కొడుతుందో ఆలోచించండి, పైగా కింద నేలంతా పాత తవ్వకాలతో గుల్ల. అందుకే ముందు ఆ ఖాళీలను గ్రౌట్‌తో, అంటే పలుచటి సిమెంటు మిశ్రమంతో నింపి, సుమారు 20 మీటర్ల లోతున రాయి తగిలేదాకా పునాది దించి, 600 టన్నుల కాంక్రీటు పోశారు. లెక్కలు అరప్ సంస్థ ఇంజినీర్లవి, వెల్డింగ్ హార్టిల్‌పూల్ పట్టణంలోని ఫ్యాబ్రికేషన్ కార్మికులది, రూపం శిల్పి ఆంటొనీ గోర్మ్‌లీది. మీవారు రోజూ చేసే పనిలాంటిదే అందులో సగం ఉంది, ఈ మాట బాబుకు తప్పకుండా చెప్పండి. గోర్మ్‌లీ కూడా మొదట కేంబ్రిడ్జ్‌లో ఆర్కియాలజీ, ఆంత్రొపాలజీ, కళాచరిత్ర చదివి, శిల్పం తర్వాత నేర్చుకున్నాడు.

డబ్బు సంగతి దాచను. అంత పెద్ద శిల్పం చేసే అవకాశం చాలా కొద్దిమంది శిల్పులకే, అదీ ఏళ్ల తర్వాత వస్తుంది. ఆ బొమ్మ ఖర్చు 8 లక్షల పౌండ్లు, ఎక్కువ భాగం అక్కడి జాతీయ లాటరీ నిధులు. అంటే ప్రజల సొమ్ము దొరికితేనే పని. కానీ అలాంటి పని చుట్టూ బతుకుతెరువు చాలానే ఉంది: మోడలింగ్, మోల్డింగ్, కాస్టింగ్, త్రీడీ డిజైన్, స్ట్రక్చరల్ డిజైన్. హైదరాబాద్‌లో 2023లో పెట్టిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం లోపల ఉన్నదీ ఉక్కు చట్రమే, పైన కంచు తొడుగు.

ఇప్పుడు తేలాల్సింది వాడికి ఏది ఇష్టమన్నది. రూపం ఊహించి మట్టిలో తీయడమా, లేక ఇంత బరువు ఎలా నిలబడిందో తేల్చడమా? మొదటిదైతే హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, శిల్పం నాలుగేళ్ల కోర్సు ఉంది, బరోడా, శాంతినికేతన్ కూడా మంచివే. రెండోదైతే సివిల్ చేసి స్ట్రక్చరల్‌లో ఎంటెక్ చేయొచ్చు, ఎంపీసీ ఎక్కడికీ పోదు.

నిర్ణయం ఈ రాత్రికే వద్దమ్మా. పరీక్షలు అయ్యాక రెండు నెలలు తెలిసినవాళ్ల ఫ్యాబ్రికేషన్ షాపుకు పంపండి, రోజూ ఒక డ్రాయింగ్ వేయమనండి, చివర్లో వాళ్ల నాన్న పక్కన ఉండగా రేకుతో రెండడుగుల బొమ్మ ఒకటి తనంతట తాను నిలబడేలా చేయమనండి. అది చేస్తున్నప్పుడు వాడు ఎక్కడ ఎక్కువసేపు ఆగిపోతున్నాడో, రూపం దగ్గరా, అతుకు దగ్గరా, మీరే గమనించి నాకు మళ్లీ రాయండి.