ఓడలోనూ నడిమి బెర్తే మేలు

కాజీపేట కేంద్రంగా 33 ఏళ్లు టీటీఈగా పనిచేశాను కాబట్టి, ఈ ప్రయాణాల శీర్షిక నాకు అప్పగించినప్పుడు అందరూ రైళ్ల గురించే అడుగుతారనుకున్నాను. మొన్నొకసారి మా అబ్బాయి పుణ్యమా అని చేసిన ఓడ ప్రయాణం గురించి నాలుగు మాటలు రాశాను. ఇక చూడండి, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం సముద్రం మీదే.

*ప్రశ్న: నేను హనుమకొండలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిని. జనవరిలో మావారి షష్టిపూర్తి. బంధువులూ భోజనాలూ వద్దు, ఒక్కసారి ఓడ ఎక్కుదామంటున్నారు. ముంబయి నుంచి రెండు రాత్రుల ప్రయాణానికి ఇద్దరికీ కలిపి కిటికీ లేని లోపలి గది 52 వేలు, కిటికీ ఉన్న గది 61 వేలు, బాల్కనీ గది 88 వేలని ఏజెంటు చెబుతున్నాడు. "జీవితంలో ఒక్కసారే కదమ్మా, బాల్కనీ తీసుకోండి" అంటున్నాడు. మా చేతిలో లక్ష రూపాయలున్నాయి. ఏది తీసుకోవాలి?*

"జీవితంలో ఒక్కసారే కదా" అని ఎవరైనా అన్నప్పుడు ముందు జేబు తడిమి చూసుకోవాలి టీచరమ్మా. పెళ్లి మండపం వాళ్లూ ఆ మాటే అంటారు.

మీరు లెక్కల టీచరో కాదో తెలియదు గానీ ఒక చిన్న లెక్క చేద్దాం. రెండు రాత్రుల ప్రయాణమంటే ఓడ మొదటి రోజు సాయంత్రం కదులుతుంది, మూడో రోజు పొద్దున రేవులో ఉంటుంది. మధ్యలో దక్కేది ఒకే ఒక్క నిండు పగలు. ఆ పగలు టిఫిను, ఈత కొలను, భోజనం, కునుకు, సాయంత్రం నాటకమో పాటలో చూడటంతోనే గడిచిపోతుంది. బాల్కనీలో ఎంత తీరిగ్గా కూర్చున్నా మొత్తం అయిదు గంటలు దాటదు. లోపలి గదికీ బాల్కనీకీ తేడా 36 వేలు. అంటే కుర్చీలో కూర్చున్నందుకు గంటకు 7,200 రూపాయలు. అదే సముద్రం ఓడ పై డెక్కు మీద అందరికీ ఉచితం, గాలి కూడా అక్కడే ఎక్కువ.

ఇంకో సంగతి. బాల్కనీ ధర ప్రతిసారీ సుఖానికి వేసిన ధరే కాదు, కొన్నిసార్లు కొరతకు వేసినది. ముంబయి నుంచి తిరిగిన ఎంప్రెస్ ఓడనే చూడండి. అది 1990లో నార్డిక్ ఎంప్రెస్ అనే పేరుతో ప్రయాణాలు మొదలుపెట్టింది. ఆ కాలపు ఓడల్లో బాల్కనీ గదులు చాలా తక్కువ. గదికో బాల్కనీ అన్నట్టు కట్టడం తర్వాత వచ్చిన పెద్ద ఓడలతో మొదలైంది. మీరు ఎక్కబోయే ఓడ ఎప్పుడు కట్టినదో ఏజెంటును అడగండి.

నా సలహా 61 వేల కిటికీ గది. లోపలి గదిలో ఖర్చు తగ్గుతుంది, నిద్రా బాగా పడుతుంది. కానీ దీపం ఆర్పితే తెల్లవారిందో లేదో తెలియదు. షష్టిపూర్తి చేసుకునే మనిషి సూర్యోదయం చూడకుండా తొమ్మిదింటి దాకా పడుకుంటే మీకే మనసొప్పదు. అయితే డబ్బు కట్టేముందు ఆ కిటికీలోంచి ఏం కనబడుతుందో అడగండి. ఇది నా చేతులు కాలాక తెలిసిన విషయం. సింగపూర్‌లో మేం ఎక్కిన ఓడలో ఏజెంటు "సముద్రం కనబడే గది" అని అమ్మాడు. తెర తీస్తే ఎదురుగా నారింజ రంగు లైఫ్‌బోటు, దాని పొట్ట తప్ప మరేమీ లేదు. మా ఆవిడ మూడు రోజులూ ఆ పడవకే నమస్కారం పెట్టింది. ఏజెంటుకు ఫోను చేస్తే, "పడవ వెనకాల సముద్రమే కదా సార్" అన్నాడు.

లైఫ్‌బోట్లు సాధారణంగా ఓడ పక్కల పొడవునా ఒకే అంతస్తు ఎత్తులో వేలాడుతుంటాయి. ఓడ పటంలో ఆ అంతస్తు ఏదో చూసుకుని దానికంటే కింద గది తీసుకుంటే కిటికీకి అడ్డం ఉండదు. పటం ఇవ్వలేని ఏజెంటు దగ్గర టికెట్ కొనకండి. బోగీ, బెర్తు నంబరు చెప్పకుండా రైలు టికెట్ అమ్మితే మీరు కొంటారా?

ఇక గది ఎక్కడుండాలన్న మాట. రైలు పెట్టెలో చక్రాల బండ్లు రెండు కొసల కింద ఉంటాయి. తలుపు పక్క బెర్తు మీద పడుకున్నవాడికి కుదుపు ఎక్కువ, పెట్టె నడిమి బెర్తు వాడికి తక్కువ. నా సర్వీసులో గర్భిణులకూ ముసలివాళ్లకూ వీలైనప్పుడల్లా మధ్య కూపేల్లోనే సర్దేవాణ్ని. ఓడ కూడా అంతే. ముక్కూ తోకా పైకీ కిందికీ లేస్తూ దిగుతూ ఉంటే, మధ్య భాగం ఉయ్యాల కట్టిన దూలంలా నిలకడగా ఉంటుంది. పై అంతస్తుల కంటే కింది అంతస్తుల్లో పక్కలకు ఊగడమూ తక్కువే. పెద్ద ఓడలకు పక్కల రెక్కలుంటాయి, అవి ఆ పక్క ఊపును తగ్గిస్తాయి గానీ ముక్కు లేచి దిగడాన్ని ఆపలేవు. ముక్కు దగ్గరి గదికి లంగరు గొలుసు చప్పుడు, తోక దగ్గరి గదికి యంత్రాల అదురు అదనం.

పైనా కిందా ఏముందో కూడా చూడండి. కొలను డెక్కుకు సరిగ్గా కింద గది తీసుకుంటే తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చిన చప్పుడు నెత్తి మీద వినబడుతుంది. నాట్యశాల మీద గది అయితే రాత్రి రెండింటి దాకా మంచం కింద డప్పు. పైన గదులూ కింద గదులూ ఉన్న అంతస్తు మంచిది. పడుకునేవాళ్ల మధ్య పడుకోవాలన్నమాట. పక్క గదికి లోపలి నుంచి తలుపు ఉండే జంట గదులు వద్దు, ఆ తలుపులోంచి మాటలన్నీ వినిపిస్తాయి.

మీ ఏజెంటు "గ్యారంటీ గది" అని కొంత తక్కువ ధర చెప్పే అవకాశముంది. ఫస్ట్ ఏసీ టికెట్ కన్‌ఫర్మ్ అయినా కూపే నంబరు చార్టు వేశాకే తెలుస్తుంది కదా, అచ్చం అలాగే. గది ఖాయం, ఎక్కడో మాత్రం కంపెనీ ఇష్టం. కడుపులో తిప్పని కుర్రవాళ్లకు అది లాభమే. మీకు వద్దు.

మిగిలిన 39 వేలు ఇంట్లో పెట్టి వెళ్లకండి, దారికి కావాలి. వరంగల్ నుంచి హైదరాబాద్ వెళ్లి రాత్రి ప్రయాణంతో ముంబయి సీఎస్‌ఎంటీ స్టేషన్లో దిగితే, ఓడలు ఆగే బల్లార్డ్ పియర్ పెద్ద దూరం కాదు. కానీ ఓడ ఎక్కే రోజు పొద్దున చేరే రైలు పట్టుకోకండి, ఒక రోజు ముందే చేరండి. 33 ఏళ్లు రైళ్లలో తిరిగిన మనిషిగా చెబుతున్నాను. రైలు ఆలస్యమైతే నేను జాలిపడతాను, ఓడ పడదు. నెల మాత్రం సరిగ్గా ఎంచుకున్నారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అరేబియా సముద్రం వానాకాలపు కోపంలో ఉంటుంది, జనవరికి చల్లబడుతుంది.

*ప్రశ్న: కరీంనగర్‌లో సిమెంటు దుకాణం నాది. వేసవి సెలవుల్లో సింగపూర్ నుంచి మూడు రాత్రుల ఓడ ప్రయాణం అనుకుంటున్నాం. ఇద్దరు పిల్లలు, 11, 8 ఏళ్లు. నలుగురం ఒకే గదిలో సర్దుకోవాలా, రెండు గదులు తీసుకోవాలా?*

ఒకే గది తమ్ముడూ, మీ పెట్టెలు చిన్నవైతే. నలుగురి గదిలో రెండు పడకలు కిందుంటాయి, మిగతా రెండు గోడలోంచో కప్పులోంచో రాత్రికి కిందికి దింపుతారు. పిల్లలకు ఆ పై బెర్తే పెద్ద పండుగ. మూడో మనిషికీ నాలుగో మనిషికీ గది అద్దె సాధారణంగా తక్కువ పడుతుంది. ఇబ్బందల్లా స్నానాలగది దగ్గరే. ఒక్కటే ఉంటుంది, అదీ మన ఏసీ పెట్టెలోదాని కంటే కాస్త పెద్దది. ఖాళీ సూట్‌కేసులు మంచాల కిందికి తోసేయండి. గోడలు చాలావరకు ఇనుపవి, అయస్కాంతపు కొక్కేలు నాలుగు తీసుకెళితే తువ్వాళ్లూ సంచులూ గోడకే వేలాడతాయి.

కానీ ఏజెంటు చూపించే "మనిషికి ఇంత" అనే అంకెను నమ్మి సంతకం పెట్టకండి. సిమెంటు బస్తా ధర చెప్పేటప్పుడు మీరు హమాలీ, కిరాయి వేరుగా చెప్పరూ? ఇదీ అంతే. రేవు ఛార్జీలు, పన్నులు తలకింత. సిబ్బందికిచ్చే టిప్పు చాలా ఓడల్లో తలకు, రాత్రికి ఇంతని బిల్లులో తామే కలుపుతారు. నలుగురు, మూడు రాత్రులంటే పన్నెండు సార్లు. పెద్ద భోజనశాలలో తిండి, నాటకాలు, కొలను టికెట్లోనే ఉంటాయి. మద్యం, శీతల పానీయాలు, ప్రత్యేక హోటళ్లు, వైఫై, రేవులో దిగి చూసే యాత్రలు వేరు. ఇవన్నీ కాగితం మీద వేసి, చివరి అంకెను నాలుగుతో, ఆ పైన మూడుతో భాగించండి. అప్పుడు ఆ డబ్బుకు సింగపూర్‌లో మామూలు హోటలు గది, భోజనం ఎంతవుతుందో పోల్చండి. నేను వేసిన లెక్కలో ఓడే కొంచెం చవక అయింది. అదీ నేను మద్యం ముట్టను కాబట్టి.

వీసా సంగతి కంగారులో మరిచిపోతారు. ఓడ మలేషియా రేవుకు వెళ్లి తిరిగి సింగపూర్ వస్తే, అది సింగపూర్‌లోకి రెండో ప్రవేశం కిందికి వస్తుంది. ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశానికి చెల్లే వీసా ఉందో లేదో చూసుకోండి. పాస్‌పోర్టులు నాలుగింటికీ కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. విదేశీ ప్యాకేజీ మీద ఏజెంటు టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తాడు. అది పోయిన డబ్బు కాదు, రిటర్ను వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. రసీదు భద్రంగా ఉంచండి. ఓడ కదలగానే అందరి ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టించండి. నడిసముద్రంలో ఓడ ఉపగ్రహ సిగ్నలును ఫోను తనంతట తాను పట్టుకుంటే వచ్చే బిల్లుకు మీ దుకాణంలో ఒక రోజు గల్లా చాలదు.

*ప్రశ్న: మంచిర్యాలలో ఉంటున్న రిటైర్డ్ నర్సును. ఒంటరిగా వెళ్లాలనుంది. ఒక్కరికి సగం ధరే కదా?*

కాదక్కా, ఇదొక్కటి అన్యాయంగానే ఉంటుంది. ఓడ ధర ఇద్దరి లెక్కన కడతారు. ఒక్కరే ఉన్నా చాలాసార్లు దాదాపు ఇద్దరి గది అద్దె కట్టాలి. కొన్ని ఓడల్లో ఒంటరి ప్రయాణికుల గదులు కొద్దిగా ఉంటాయి గానీ మొదట అమ్ముడయ్యేవీ అవే. మీతో డ్యూటీ చేసిన స్నేహితురాలెవరైనా ఉంటే తోడు తీసుకెళ్లండి. గురక పెట్టని స్నేహితురాలైతే మరీ మంచిది. ఎవరూ కుదరకపోతే లోపలి గది తీసుకుని పగలంతా డెక్కు మీదే ఉండండి.

*ప్రశ్న: మా అమ్మకు 74. మోకాళ్ల నొప్పులు, బస్సెక్కినా వాంతులు. ఆమెకూ సముద్రం చూపించాలనుంది. – జగిత్యాల*

ముందు ఆమె డాక్టరును అడగండి. వాంతుల మాత్ర కడుపులో తిప్పడం మొదలయ్యాక కంటే ముందే వేసుకుంటే పనిచేస్తుంది. ఏ మాత్ర, ఎప్పుడు అనేది డాక్టరే చెప్పాలి. ఖాళీ కడుపుతో ఉంచకండి. తిప్పినట్టుంటే గదిలో పడుకోబెట్టే కంటే డెక్కు మీద కూర్చోబెట్టి దూరంగా నింగీ నీళ్లూ కలిసే గీతను చూడమనండి.

గది కింది అంతస్తులో, ఓడ మధ్యలో, లిఫ్టుకు నాలుగైదు గదుల దూరంలో తీసుకోండి. సరిగ్గా లిఫ్టు ఎదురైతే రాత్రంతా జనం ముచ్చట్లే. ఓడ వసారాలు చాలా పొడవుగా ఉంటాయి. స్నానాలగదికి గడప ఎత్తుగా ఉండే ఓడలున్నాయి. మోకాళ్ల నొప్పి మనిషికి ఆ గడపే గండం. చక్రాల కుర్చీకి వీలైన గదులకు వెడల్పు తలుపులుంటాయి, గడప ఉండదు. అవి కొద్దిగానే ఉంటాయి, బుకింగ్ రోజే అడగాలి, అవసరమున్నట్టు కాగితం చూపాలి. ఎక్కిన రోజు ప్రమాద సమయంలో ఎక్కడ చేరాలో చూపించే కసరత్తు అందరికీ తప్పనిసరి. ఆమె మెట్లు దిగలేదని సిబ్బందికి అప్పుడే చెప్పి పెట్టండి.

*ప్రశ్న: మా పాపకు అయిదో నెల. ఓడ ఎక్కవచ్చా? – హుజూరాబాద్*

ఆరు నెలలు నిండని పిల్లలను చాలా కంపెనీలు ఎక్కించుకోవు. గర్భిణులనూ 24వ వారం నుంచి రానివ్వరు. పాప మొదటి పుట్టినరోజుకు పెట్టుకోండి, అప్పటిదాకా లక్నవరం చెరువులో పడవ చాలు.

*ప్రశ్న: ఓడలోకి ఇంటి సకినాలు తీసుకెళ్లనిస్తారా? – పరకాల*

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. కంపెనీ సీలు వేసిన బిస్కెట్ ప్యాకెట్లకు సాధారణంగా అడ్డు చెప్పరు, ఇంట్లో చేసినవాటికి చెబుతారు. ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే కెటిలు అసలే కుదరవు, అగ్నిప్రమాదం భయం. మా ఆవిడ పండక్కి చేసిన సకినాల డబ్బాను స్కానరు దగ్గర కుర్రవాడు మూత తీసి, గుండ్రటి చుట్టలన్నీ చూసి, పై అధికారిని పిలిచాడు. ఆయన ఇంకొకరిని పిలిచాడు. ముగ్గురూ చర్చించుకుని డబ్బాకు చీటీ కట్టి పక్కన పెట్టుకున్నారు. మూడో రోజు దిగేటప్పుడు చీటీ చూపితే తిరిగి ఇచ్చారు. విమానాశ్రయంలో కూర్చుని లెక్కపెడితే రెండు తక్కువ.