బోను సంగతి తర్వాత, ముందు ఫీడర్ దించు

చిరంజీవి చిన్నోడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఇంగ్లండు ఉత్తరాన పెన్‌రిత్‌లో ఇల్లు తీసుకుని నెల తిరక్కుండానే పెరట్లోకి ఎర్ర ఉడుతలు రావడం ఎంత అదృష్టమో నీకింకా తెలియదు. లండన్‌లో పుట్టి పెరిగిన మన పిల్లల్లో చాలామంది వాటిని కళ్లారా చూడనే లేదు. ఇక నీ ప్రశ్న. వాటికి గింజలు పెట్టే ఆ ఫీడర్ డబ్బా దగ్గరికే పరాయి దేశపు బూడిద ఉడుత కూడా వచ్చింది, బోనులో పట్టి కార్లో తీసుకెళ్లి దూరంగా ఏదైనా పార్కులో వదిలేయనా అని అడిగావు. వద్దు నాన్నా. ఎందుకు వద్దో చెబుతాను గానీ, ముందు ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. ఆ ఫీడర్ దించేయ్.

చాలా బూడిద ఉడుతల ఒంట్లో స్క్విరల్ పాక్స్ వైరస్ ఉంటుంది. వాటికి సాధారణంగా ఏమీ కాదు. అదే ఎర్ర ఉడుతకు సోకిందంటే కళ్ల చుట్టూ, మూతి చుట్టూ, కాలివేళ్ల దగ్గర పుండ్లు లేచి పొక్కు కడతాయి. చూపు ఆనదు, తిండి తినలేదు, ఒకటి రెండు వారాల్లో ప్రాణం పోతుంది. 2008లో లివర్‌పూల్‌కి దగ్గర్లోని ఫార్మ్‌బీ అడవుల్లో ఈ జబ్బు పడి, అక్కడి ఎర్ర ఉడుతల్లో నూటికి ఎనభైకి పైగా చచ్చిపోయాయి. అడవిలో ఎక్కడెక్కడో తిరిగే ఆ రెండు జాతులూ ఒకే చోట మూతి పెట్టేది మనం వేలాడదీసిన డబ్బాలోనే. అందుకని దాన్ని దించి, వేడినీళ్లతో రుద్ది కడిగి, డిసిన్ఫెక్టెంట్ సీసా మీద రాసినట్టు కలిపి నానబెట్టి, మంచినీళ్లతో తొలిచి బాగా ఆరబెట్టు. మూత కింద గింజల జిడ్డు పేరుకుంటుంది చూడు, పాత టూత్‌బ్రష్‌తో అక్కడ రుద్దు. కింద రాలిన తొక్కలు కూడా ఊడ్చెయ్యి. మళ్లీ ఎప్పుడు వేలాడదీయాలో ఎర్ర ఉడుతల్ని కాపాడే మీ ఊరి గ్రూపువాళ్లు చెబుతారు. అప్పటిదాకా పాపం ఆకలితో ఉంటాయేమోనని టెన్షన్ పడకు. చుట్టూ చెట్లున్నాయి, వాటి తిండి అవి వెతుక్కుంటాయి.

వచ్చింది బూడిద ఉడుతేనా అన్నది కూడా సరిచూసుకో. రంగును నమ్మకు. చలికాలంలో ఎర్ర ఉడుత వీపు బూడిద రంగుకి తిరుగుతుంది, బూడిద ఉడుత పక్కలు వేసవిలో ఎర్రబడతాయి. తోక చూడు. బూడిద ఉడుత తోక అంచు చుట్టూ తెల్లటి వెంట్రుకల వరస ఉంటుంది, వెలుతురుకి ఎదురుగా కూర్చుంటే మెరుస్తుంది. ఎర్రదాని తోక అంతా ఒకే రంగు. చలికాలంలో ఎర్రదానికి చెవుల మీద కుచ్చులుంటాయి, ఎండాకాలానికి అవి రాలిపోతాయి కాబట్టి కుచ్చు లేదని తొందరపడొద్దు. నీ రెండో ఫోటోలో తోక సరిగ్గా కనపడలేదు. ఇంకొకటి తీసి గ్రూపుకి పంపు, తేదీ, టైము, చోటు రాసి మరీ పంపు.

ఇప్పుడు దూరంగా వదిలే మాట. ఇంగ్లండులో పట్టిన బూడిద ఉడుతను తిరిగి వదలడం చట్టరీత్యా నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఈ కథంతా అలా వదలడంతోనే మొదలైంది. 1876లో బ్రాకిల్‌హర్స్ట్ అనే ఆయన అమెరికా నుంచి వచ్చిన జంటను చెషైర్‌లోని హెన్బరీ పార్కులో వదిలాడు. తర్వాత బెడ్‌ఫర్డ్ డ్యూక్ తన వోబర్న్ ఎస్టేట్ నుంచి వాటిని ముచ్చటగా కానుకలిచ్చాడు. ఇప్పుడు బ్రిటన్‌లో బూడిదవి 27 లక్షలదాకా ఉంటాయని అంచనా. ఎర్రవి 3 లక్షల లోపే, అందులోనూ ఎక్కువ భాగం స్కాట్లండులోనే.

బూడిదవి ఎర్రవాటిని కొట్టి తరమవు. తిండి దగ్గర గెలుస్తాయి. ఎర్రది మూడొందల గ్రాములుంటే బూడిదది అర కిలో దాటుతుంది. హేజల్‌నట్స్ పండకముందే కోసి తినేస్తుంది. ఓక్ కాయల్లోని వగరు దానికి అరుగుతుంది, ఎర్రదానికి అంతగా అరగదు. అందుకే ఇంగ్లండు ఉత్తరాన కీల్డర్ లాంటి స్ప్రూస్ (సూదాకుల చెట్ల) అడవుల్లో, చిన్న గింజలతో సరిపెట్టుకునే చోట ఎర్రవి ఎక్కువగా నిలదొక్కుకున్నాయి. అలాగని బూడిదవాటి మీద కోపం పెంచుకోకు. అవి అడిగి రాలేదు. మన దేశపు అయిదు చారల ఉడుత కూడా 1898లో ఆస్ట్రేలియాలోని పర్త్ జూ నుంచి బయటపడి అక్కడ పరాయి జంతువైంది.

బోను పెట్టాలంటే ముందే మనసులో ఒకటి తేల్చుకోవాలి. రోజుకు ఒక్కసారైనా వెళ్లి చూడాలి, వానొచ్చినా, ఆఫీసు కాల్ ఉన్నా. ఎర్రది పడితే వెంటనే వదిలి, బోను కడగాలి. బూడిదది పడితే చంపక తప్పదు. దానికి నొప్పి తెలియకుండా చంపడం నేర్చుకున్నవాళ్లే ఆ పని చేయాలి. పప్పులో పురుగు కనిపిస్తే కాగితం మీదికి ఎక్కించి బయట వదిలే ఇల్లు మనది, నీకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేనూ ఆ పని చేయను. కానీ చేసేవాళ్లను ఒక్క మాట అనను. వాళ్లు లేకపోతే నీ పెరట్లో ఎర్రది ఉండదు. వేల్స్‌లోని ఆంగ్లసీ దీవిలో 1990ల చివరికి ఎర్రవి నలభై దాకా మిగిలాయి. 1998 నుంచి ఏళ్ల తరబడి బూడిదవాటిని తొలగిస్తే ఇప్పుడు కొన్ని వందలయ్యాయి. ఇటలీలో 1997లో అలాంటి పనే మొదలుపెడితే జంతు ప్రేమికులు కోర్టుకెక్కారు. పని ఆగింది, బూడిదవి అక్కడి పీడ్‌మాంట్ ప్రాంతంలో చాలా దూరం పాకాయి. ఆ ప్రేమికుల మనసు మంచిదే, కానీ చనిపోయిన ఎర్ర ఉడుతల లెక్క వాళ్లు చూసుకోలేదనిపిస్తుంది.

ఐర్లండులో పైన్ మార్టెన్లు (ఉడుతల్ని వేటాడే, ముంగిసలాంటి జంతువులు) పెరిగిన చోట బూడిదవి తగ్గడం నిజంగా ఆశ కలిగించే విషయం. కానీ మార్టెన్లు ఊళ్లలోకి పెద్దగా రావు, మనుషుల పని మనుషులకు ఉంటుంది.

పట్టపగలు నేల మీద ముడుచుకుని, నువ్వు దగ్గరికెళ్లినా పారిపోని ఎర్ర ఉడుత కనిపిస్తే చేత్తో ముట్టుకోకు. గ్రూపుకి ఫోన్ చెయ్యి, పిల్లల్నీ కుక్కనీ లోపలికి పంపెయ్. చచ్చిపోయినదైనా పారేయకు, పరీక్షకు పంపాలేమో వాళ్లే చెబుతారు.

ఫీడర్ మళ్లీ పెట్టే రోజు వస్తే వేరుశెనగలు తగ్గించు, వాటిలో కాల్షియం చాలదు. తొక్కతో ఉన్న హేజల్‌నట్స్ కొద్దిగా వెయ్యి, రోజూ కాదు. నా దగ్గర ట్రెయిల్ కెమెరా (జంతువు కదిలితే తనంతట తనే ఫోటో తీసేది) ఒకటి ఖాళీగా ఉంది, శనివారం మీ పెదనాన్న తెచ్చిస్తారు. లిథియం బ్యాటరీలు కొని ఉంచు, ఇక్కడి చలికి మామూలువి నిలవవు. నేల నుంచి మోకాలెత్తులో, ఉత్తరం వైపు తిప్పి కట్టు.

మీ పెద్దమ్మ