నాకు నేర్పిన పెద్దాయనే కొత్తవాళ్లని తిడుతున్నారు, అడ్మిన్‌గా నేనేం చెయ్యను?

ప్రశ్న: ఆరేళ్ల కిందట టెలిస్కోప్ హాబీ ఉన్నవాళ్ల కోసం టెలిగ్రామ్‌లో గ్రూపు పెట్టాను. పన్నెండు మందితో మొదలైంది, ఇప్పుడు ఎనిమిది వందలు దాటాం. ఈమధ్య సగం మెసేజ్‌లు కబుర్లు, రాజకీయాలు, ఫార్వార్డ్‌లే. దానికి తోడు నాకు మొదట్లో ఎంతో ఓపిగ్గా నేర్పిన పెద్దాయన కొత్తవాళ్ల మీద విరుచుకుపడుతున్నారు. 2025 చివర్లో ఒకమ్మాయి శని గ్రహం ఫోటో పెట్టి, రింగులు గీతలా ఎందుకొచ్చాయని అడిగితే "ముందు కళ్లు చూపించుకో, ఇలాంటి చెత్త ఇక్కడ పెట్టకు" అన్నారు. ఆ అమ్మాయి గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఆయన నొచ్చుకుంటారని నేనేమీ అనలేదు, అది ఇప్పటికీ లోపల తొలిచేస్తోంది. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ పట్టుకునే ఉంటున్నా, మావారేమో గ్రూపు తీసి పారెయ్యమంటున్నారు.

జవాబు: అమ్మా, ముందు ఆ ఫోటో సంగతి మాట్లాడుకుందాం, చదువుతుంటే నా మనసు అక్కడే చివుక్కుమంది. ఆ అమ్మాయి కళ్లూ బాగున్నాయి, టెలిస్కోపూ బాగుంది. సుమారు పదిహేనేళ్లకోసారి శని రింగులు మనకి అంచు వైపు నుంచి కనిపిస్తాయి కదా, 2009లో అలా అయింది, మళ్లీ 2025లో. ఆ రింగులు రెండు లక్షల కిలోమీటర్ల పైన వెడల్పున్నా మందం చాలాచోట్ల పదుల మీటర్లే, అంచు నుంచి చూస్తే గీతలాగే ఉంటాయి మరి. అంటే పదిహేనేళ్లకోసారి వచ్చే సంగతిని ఆ పిల్ల తన కళ్లతో చూసి, సరైన ప్రశ్న అడిగింది. ఆయనకి ఇది తెలియకపోవడం ఉండదు, మీకు నేర్పిన మనిషి కదా. తెలిసుండీ ఆ మాట అన్నారంటే అక్కడ శని గ్రహం గొడవేం లేదు, ఆ రోజు ఆయన చిరాకంతా ఎదురుగా దొరికిన మనిషి మీద పడింది.

మీ ఉత్తరంలో రెండు బాధలు ఒకే మూటలో కట్టేశారు, వాటిని విడదియ్యాలి. కబుర్లు వేరు, తిట్లు వేరు. జనం కబుర్లలో పడ్డారంటే ఆ గ్రూపులో వాళ్లకి చనువు ఏర్పడిందన్నమాట, పైగా మీ హాబీలో మబ్బు పడితే చూడ్డానికేం ఉండదు, వారం రోజులు మబ్బే అంటే వారం రోజులు కబుర్లే. దానికి కోప్పడక్కర్లేదు. గ్రూపులో టాపిక్స్, అంటే ఒకే గ్రూపులో ఒక్కో విషయానికి ఒక్కో గదిలాంటివి, ఆన్ చేసి కబుర్లకో టాపిక్ పెట్టండి, ఎవరైనా మెయిన్ చోట మొదలెడితే "అక్కడ మాట్లాడుకుందాం రండి" అని ఒక్క లైను చాలు. రాజకీయాలూ ఫార్వార్డ్‌లూ మాత్రం ఎక్కడా వద్దని రూల్స్‌లో రాసి పిన్ చేసి, వచ్చినవి వచ్చినట్టు డిలీట్ చెయ్యండి, ప్రతిసారీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఎప్పుడైనా వాదన వేడెక్కితే స్లో మోడ్ పెట్టండి, ఒక్కొక్కరు ఐదు నిమిషాలకో మెసేజే పెట్టగలిగితే చాలామందికి టైప్ చేసేలోపే ఆవేశం దిగిపోతుంది.

తిట్లకి మాత్రం ఈ మెత్తదనం పనికిరాదు. స్క్రీన్ ముందు మనుషులు ఎందుకింత తెగించి మాట్లాడతారో జాన్ సులర్ అనే సైకాలజిస్ట్ 2004లో వివరంగా రాశారు, ఎదుటివాళ్ల మొహం కనపడదు, మనం అన్న మాటకి వాళ్లెలా అయిపోయారో ఆ క్షణంలో తెలియదు, అందుకని నోటికి పగ్గం ఉండదు అని. మీ పెద్దాయన అదే అమ్మాయి టెలిస్కోప్ పట్టుకుని ఎదురుగా నిలబడి అడిగుంటే బహుశా కూర్చోబెట్టి చెప్పేవారు. అందుకే ఆయన్ని నేను చెడ్డవాడనను. కానీ మీరు మాట్లాడకుండా ఉండిపోవడం ఆయనకి చేసిన మర్యాద అనుకుంటున్నారు చూడండి, అక్కడే నేను ఒప్పుకోను. ఆయన నేర్పిన చదువుకి మీరు రుణపడి ఉండొచ్చు, ఆ రుణం ఆ అమ్మాయి తీర్చాల్సిన పని లేదు కదమ్మా. ఆ మాటలు చదివి, నోరు మూసుకుని, ఇంకెప్పుడూ ఫోటో పెట్టని వాళ్లు ఇంకా ఎంతమంది ఉంటారో ఆలోచించండి, వాళ్లు మీకు కంప్లైంట్ కూడా చెయ్యరు.

గ్రూపులో అందరి ముందూ అనకండి, ఫోన్ చెయ్యండి. చాట్‌లో రాస్తే మళ్లీ అదే మొహం కనపడని గొడవ. "సార్, నేను మొదటిసారి చంద్రుణ్ణి ఫోకస్ చెయ్యలేక ఏడుపు మొహం పెడితే మీరు నవ్వి మళ్లీ చూపించారు, ఆ సార్ గ్రూపులో కనపడట్లేదు నాకు" అని మొదలెట్టండి, ఇలాంటిది నిజంగా జరిగిందేదైనా మీకు గుర్తుండే ఉంటుంది, అదే చెప్పండి. ఆ తర్వాత తడబడకుండా అసలు విషయానికి రండి. ఫోటోని ఎంతైనా విమర్శించొచ్చు, ఫోకస్ కుదర్లేదనొచ్చు, ఎక్స్‌పోజర్ ఎక్కువైందనొచ్చు, మనిషిని మాత్రం అనకూడదు, మళ్లీ అంటే వారం రోజులు మెసేజ్ పెట్టే వీలు తీసేస్తాను, ఇది అందరికీ ఒకటే రూల్, మీకూ అంతే సార్ అని. ఆయన అలగొచ్చు, వెళ్లిపోతానని బెదిరించొచ్చు. వెళ్లనివ్వండి. ఆరోగ్యం బాగోకో, ఇంట్లో ఇబ్బందితోనో చిరాకు పడుతున్నారేమో కూడా ఆ ఫోన్‌లోనే తెలుస్తుంది, అది వినండి, విన్నారని రూల్ మాత్రం సడలించకండి.

బెదిరింపులు, ఆడవాళ్లకి ప్రైవేట్‌గా పిచ్చి మెసేజ్‌లు, వీటికి హెచ్చరికలూ ఫోన్లూ ఏమీ అక్కర్లేదు, స్క్రీన్‌షాట్ తీసి దాచి వెంటనే బ్యాన్ చెయ్యడమే.

ఇక మీ నిద్ర సంగతి. వేరే గ్రూపైతే రాత్రి పదకొండుకి మూసెయ్యండి అనేదాన్ని, మీవాళ్లేమో మేలుకుని ఉండేదే రాత్రి. అందుకని ఎలాగూ మేడ మీద టెలిస్కోప్ పెట్టుకుని మేలుకునేవాళ్లలో నెమ్మదస్తులు ముగ్గుర్ని అడ్మిన్లుగా పెట్టి రాత్రుళ్లు పంచుకోండి, మీ వంతు లేని రాత్రి ఫోన్ వేరే గదిలో ఉండాలి. మీవారు తీసెయ్యమంటున్నది గ్రూపు మీద కోపంతో అనుకోకండి, పక్కన మనిషి ఉండీ లేనట్టుంటే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. ఈ ఏర్పాటు చేశాక ఆయనకీ చెప్పండి.

వీటన్నిటికంటే ముందు ఇవాళే ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టండి. రింగులు ఎందుకలా కనిపించాయో వివరంగా రాయండి, నువ్వు తీసింది మంచి ఫోటో అని చెప్పండి, ఆ రోజు నేను మాట్లాడాల్సింది, మాట్లాడలేదు, క్షమించు అని రాయండి. గ్రూపులోకి తిరిగి రమ్మని మాత్రం ఇప్పుడే అడగకండి.