సముద్రం పక్కన ఇల్లు అంత చవకేమిటి?

ప్రశ్న: మా అమ్మాయి నర్సు. ఇన్నాళ్లూ లండన్‌లోని క్రాయ్‌డన్‌లో అద్దెకున్నారు. ఇప్పుడు ఇంగ్లండ్ ఈశాన్యాన మిడిల్స్‌బరోలో ఉద్యోగం వచ్చింది. దగ్గర్లో రెడ్‌కార్ అని సముద్రం ఒడ్డున ఊరుందట. అక్కడ రెండు బెడ్‌రూముల ఇల్లు లక్ష పౌండ్లకు కాస్త అటూ ఇటూగా వస్తోందని అమ్మాయీ అల్లుడూ కొనేద్దామంటున్నారు. క్రాయ్‌డన్‌లో అంతకు మూడింతలు పెట్టినా దొరకదట. సముద్రం పక్కన ఇల్లు అంత చవకేమిటి? ఏదో లోపం ఉండబట్టే కదా? మీరు ఆ ఊళ్లోనే ఉంటారని తెలిసి అడుగుతున్నాను.
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: పిన్నిగారూ, 2018లో మేం ఇదే ఊళ్లో 94 వేల పౌండ్లకు ఇల్లు కొన్నప్పుడు మా అమ్మ కూడా అచ్చం ఇలాగే అడిగింది. ‘దయ్యాలేమైనా ఉన్నాయేమో ఇరుగుపొరుగుని కనుక్కోవే’ అంది. దయ్యాల్లేవు. ఫ్యాక్టరీ లేదు, అంతే.

ఈ ఊరు ఉక్కు మీద బతికిన ఊరు. సిడ్నీ హార్బర్ బ్రిడ్జిలో ఉక్కు చాలావరకు ఈ టీస్ నది ఒడ్డు నుంచి వెళ్లిందే. 2015 చివర్లో ఇక్కడి స్టీల్‌ప్లాంటు మూతపడి 2,200 మంది ఉద్యోగాలు పోయాయి. వాళ్ల జీతాల మీద బతికే కొట్లూ వర్క్‌షాపులూ వేరే లెక్క. కుర్రాళ్లు పనుల కోసం వేరే ఊళ్లకు పోయారు. కొనేవాళ్లు తగ్గితే ఇళ్ల ధర ఎక్కడికి పెరుగుతుంది? నేను పుట్టి పెరిగింది గాజువాక. నాన్న వైజాగ్ స్టీల్‌లో ఫర్నేస్ దగ్గర పాతికేళ్ల పైనే చేశారు. కాబట్టి ఈ కథ నాకు ఒకరు విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

2019 వేసవిలో నాన్న ఇక్కడికి వచ్చారు. పక్కింటి పెద్దాయన కూడా ఫర్నేస్ మనిషే, ప్లాంటు మూసేదాకా ఉన్నవాడు. ఆయన యాస నాన్నకి అర్థం కాదు, నాన్న ఇంగ్లిష్ ఆయనకి అర్థం కాదు. అయినా పెరటి గోడకి అటొకరూ ఇటొకరూ నిలబడి రోజూ గంటసేపు మాట్లాడుకునేవారు. మా ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్నాయని నాన్న చెబితే, అవన్నీ ఆడవాళ్ల పేర్లా అని ఆయన పగలబడి నవ్వాడు. 2022 నవంబరు 23న ఇక్కడి ఫర్నేసుని పేలుడు మందు పెట్టి కూల్చేశారు. పెద్దాయన తీసిన వీడియో నాన్నకి వాట్సాప్‌లో పంపాను. మన టైము మధ్యాహ్నం మూడు కావొస్తోంది. ప్రైవేటీకరణ వద్దంటూ కూర్మన్నపాలెంలో వేసిన శిబిరంలో కూర్చుని చూశారట. ఆ రోజు ఫోన్ చేస్తే వీడియో మాట ఎత్తలేదు, పిల్లల చదువుల గురించి అడిగి పెట్టేశారు.

సరే, ఇంటి సంగతికి వద్దాం. వీధి చివర సముద్రం ఉంటుంది, అందులో వరసగా 27 గాలిమరలు తిరుగుతుంటాయి. వినడానికి బాగుంటుంది. మీ కాకినాడ సముద్రం మాత్రం అనుకోవద్దు. ఇది ఉత్తర సముద్రం, గాలి చెవులు కొరుకుతుంది. మే నెలలో మిడిల్స్‌బరోలో ఎండ కాస్తుంటే పది పన్నెండు నిమిషాల రైలు దూరంలో ఉన్న మా ఊరి మీద తెల్లటి పొగమంచు దుప్పటిలా పడి ఉంటుంది. దాన్ని ఇక్కడివాళ్లు ‘ఫ్రెట్’ అంటారు. డిసెంబరులో మధ్యాహ్నం మూడూ నలభైకల్లా పొద్దుగూకుతుంది, పొద్దున ఎనిమిది దాటితేగాని తెల్లారదు. నైట్ డ్యూటీ చేసే నర్సుకి వారాల తరబడి సూర్యుడు కనపడడు. నాకైతే మొదటి చలికాలం చలి కంటే ఈ చీకటే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

అసలు జాగ్రత్త పడాల్సింది చెమ్మ దగ్గర. ఇక్కడి పాత వరస ఇళ్లలో చాలావాటివి మధ్యలో ఖాళీ లేని ఇటుక గోడలు. ఉప్పుగాలీ వానా కలిసి వాటిని నానబెడతాయి. మేం హీటింగ్ బిల్లుకి భయపడి వెనక గదిలో రేడియేటర్ (గదిని వెచ్చబెట్టేది) కట్టేశాం. బీరువాని గోడకి ఆనించి పెట్టాం. ఉగాదికి కట్టుకుందామని నా పెళ్లి పట్టుచీర తీస్తే మడతల వెంబడి ఆవగింజలు చల్లినట్టు నల్లటి బూజు. ధర్మవరం చీర, అమ్మ చిట్టీ పాడి కొన్నది. డ్రైక్లీనింగ్‌లో మచ్చలు పోయాయి, జరీ నల్లబడింది. ఇప్పుడు మా ఇంట్లో ఏ బీరువా గోడకి ఆనదు, గాలిలో చెమ్మ లాగే మిషన్, డీహ్యూమిడిఫయర్, రోజూ ఒక చెంబెడు నీళ్లు తోడుతుంది. మీ అమ్మాయికి చెప్పండి: అప్పిచ్చే బ్యాంకు చేయించే వాల్యుయేషన్ బ్యాంకు కోసం, మన కోసం కాదు. కొన్ని వందల పౌండ్లు పోయినా సొంతంగా సర్వేయర్‌ని పెట్టుకుని గోడలూ కప్పూ చూపించుకోవాలి. కొత్తగా రంగేసిన గోడ ఒకటే కనిపిస్తే ముందు దాన్నే అనుమానించాలి.

కౌన్సిల్ ట్యాక్స్, అంటే మన ఇంటి పన్ను లాంటిది, ఊరు చవకని తగ్గదు. మొదటి ఇల్లయితే 3 లక్షల పౌండ్ల దాకా స్టాంప్ డ్యూటీ లేదు కాబట్టి ఆ ఖర్చు తప్పుతుంది. ఇంకో మాట, ఇక్కడ కొనడం తేలిక, అమ్మడమే కష్టం. మా పక్క వీధిలో ఒక ఇంటికి ‘ఫర్ సేల్’ బోర్డు పెట్టి పద్నాలుగు నెలలైంది. అల్లుడుగారి ఉద్యోగం రెండేళ్లలో లండన్‌కి మారే వీలుంటే మాత్రం ముందు ఒక ఏడాది అద్దెకుండి చూడమనండి.

మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది, మనవాళ్లని ఎలా చూస్తారని. 2024 ఆగస్టు 4, ఆదివారం. మిడిల్స్‌బరోలో వలసదారుల మీద అల్లర్లు జరిగాయి, ఇళ్ల కిటికీలు పగలగొట్టారు. మేం కర్టెన్లు వేసుకుని ఇంట్లోనే కూర్చున్నాం. నాకు మర్నాడు పొద్దున డ్యూటీ. పెద్దాయన భార్య తలుపు కొట్టి, ‘రేపు నిన్ను మా ఆయన కార్లో దింపుతాడు, పెట్’ అని చెప్పి వెళ్లింది. (‘పెట్’ అంటే కుక్కపిల్ల అనుకోకండి. మనం అమ్మలూ అన్నట్టు ఇక్కడ అందరినీ అంటారు.) మర్నాడు మేం వెళ్లేసరికి జనం చీపుళ్లు పట్టుకుని వీధులు ఊడుస్తున్నారు. పగలగొట్టినవాళ్లూ ఊడ్చినవాళ్లూ ఆ ఊరివాళ్లే. ఈ ఏడేళ్లలో నన్ను రోడ్డు మీద తిట్టినవాళ్లు ఇద్దరు. భయం లేదని చెప్పను, ఆ భయంతో ఊరు వదిలిపోవాలని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు.

తిండికి లోటు లేదు. మిడిల్స్‌బరోలో టీసైడ్ యూనివర్సిటీ పుణ్యమా అని మన పిల్లలు బోలెడంతమంది. గోంగూర, సోనా మసూరి, ములక్కాడలు అన్నీ దొరుకుతాయి. అన్నిటికంటే మీకు నచ్చేది చెబుతాను. ఇక్కడి జాలర్లు పడవల్ని ట్రాక్టర్లతో ఒడ్డుకి లాగి రోడ్డు పక్కనే నిలబెడతారు. వాళ్ల దగ్గర పీతలు ఉడకబెట్టినవే దొరుకుతాయి. పచ్చివి కావాలని ముందురోజే చెప్పి పెట్టుకోవాలి. మొదటిసారి అడిగినప్పుడు ఆ జాలరి, ‘ప్రాణంతో ఉన్నవి తీసుకెళ్లి ఏం చేస్తావ్?’ అని నన్ను హంతకురాలిని చూసినట్టు చూశాడు. మర్నాడు డబ్బాలో పులుసు పట్టుకెళ్లి ఇచ్చాను. తిన్నాడు, కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు, కారానికే లెండి. అప్పట్నుంచి నాకు పెద్ద పీతలు పక్కన పెడుతున్నాడు.

మీ అమ్మాయీ అల్లుడూ ఇల్లు చూడటానికి ఆగస్టులో రావద్దు. అప్పుడు ఐస్‌క్రీమ్ మీద నిమ్మ సోర్బే పెట్టిన లెమన్ టాప్ చప్పరిస్తూ బీచ్‌లో తిరిగితే ఎవరికైనా కొనాలనిపిస్తుంది. ఫిబ్రవరిలో, వాన పడే మంగళవారం రమ్మనండి. సాయంత్రం ఐదింటికి హైస్ట్రీట్, అంటే కొట్లుండే పెద్ద వీధి, ఈ చివర నుంచి ఆ చివరకి నడవమనండి. అప్పటికీ కొనాలనే అనిపిస్తే నాకు ఒక ఉత్తరం ముక్క రాయండి. కరివేపాకు కుండీ ఒకటి ఇస్తాను. కిటికీలో పెట్టి ఏడేళ్లుగా బతికించుకొస్తున్న మొక్కకి పిలకలొచ్చాయి.

ప్రశ్న: మిడిల్స్‌బరోలో ఎమ్మెస్సీ చేస్తున్నాను. రెడ్‌కార్‌లో గది అద్దె తక్కువని ఒకతను ఫేస్‌బుక్‌లో చెప్పాడు. ముందే మూడు నెలల డిపాజిట్ పంపమంటున్నాడు. పంపొచ్చా అక్కా?
– ఖమ్మం కుర్రాడు

జవాబు: పంపకు తమ్ముడూ. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇంటికి ఐదు వారాల అద్దెకి మించి డిపాజిట్ తీసుకోకూడదు. తీసుకున్నది 30 రోజుల్లోగా ప్రభుత్వం గుర్తించిన డిపాజిట్ స్కీమ్‌లో పెట్టి నీకు కాగితం ఇవ్వాలి. మూడు నెలలది అడుగుతున్నాడంటేనే అర్థం చేసుకో. గది కంటితో చూడకుండా ఒక్క పెన్నీ ఇవ్వొద్దు. ఎలాగూ నువ్వు రాత్రిళ్లు పార్ట్‌టైమ్ పని చేస్తావు. ఆఖరి రైలు తప్పితే ట్యాక్సీకి పోసేది నెలకి ఎంతో లెక్కేసుకో. మిడిల్స్‌బరోలోనే ఉండు, ఆదివారాలు బీచ్‌కి రా.

ప్రశ్న: ఆ సముద్రంలో స్నానం చేయొచ్చా?
– విజయనగరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆగస్టులో, లైఫ్‌గార్డులున్నప్పుడు, ఎరుపూ పసుపూ జెండాల మధ్య చేయొచ్చు. మావారు ఒకసారి దిగారు. మోకాళ్ల దాకా.