అలర్జీ మాత్రకి నిద్ర, డిప్రెషన్ మాత్రకి వికారం: రెండూ నాకు అయినవే

మీరు రెండు అడిగారు, అలర్జీ మాత్ర వేసుకుంటే నిద్ర ఎందుకు ముంచుకొస్తుంది, డిప్రెషన్‌కి ఇచ్చిన మాత్రతో కడుపులో ఎందుకు తిప్పుతుంది అని. నేను డాక్టర్ని కాదు, రెండూ పడ్డవాణ్ణి.

ఒకసారి ఒళ్లంతా దద్దుర్లు లేస్తే ఇంట్లో ఉన్న క్లోర్‌ఫెనిరమిన్ అనే పాతకాలం అలర్జీ మాత్ర వేసుకుని ఆఫీసుకెళ్లాను. దురద తగ్గింది గానీ మీటింగులో అందరి ముందూ తూగాను! ఆ మాత్ర అడ్డుకునే హిస్టమిన్ అనే మన ఒంట్లోని రసాయనం ఉత్త దురద పుట్టించేది మాత్రమే కాదని అప్పుడే తెలిసింది. చర్మంలోని మాస్ట్ కణాలు దాన్ని నింపుకుని కూర్చుంటాయి, పడనిది ఏదైనా తగిలితే ఒక్కసారిగా వదిలేస్తాయి, దాంతో సన్నటి రక్తనాళాలు వెడల్పై వాటిలోంచి నీరు బయటికి ఊరుతుంది (వాపు అదే), నరాల చివర్లు రేగి దురద పుడుతుంది. మెదడులో హైపోథాలమస్‌లోని కొన్ని కణాలు మాత్రం ఇదే హిస్టమిన్‌తో మనల్ని మెలకువగా ఉంచుతాయి. పాతకాలం అలర్జీ మాత్రలు మెదడులోకి కూడా దూరి అక్కడి హెచ్1 రిసెప్టర్లను (హిస్టమిన్ కబురు అందుకునే చోట్లు) మూసేస్తాయి, ఇక తూగక ఏం చేస్తాం. డాక్టరు ఫెక్సోఫెనాడిన్‌కి మార్చాక ఆ బాధ పోయింది, అది మెదడులోకి దాదాపుగా వెళ్లదు. కడుపులో యాసిడ్ ఊరమని చెప్పేదీ హిస్టమినే, కాకపోతే అక్కడ వినేది హెచ్2 రిసెప్టర్, దానికి ఫామోటిడిన్ లాంటి మందులు వేరే ఉన్నాయి.

ఇక డిప్రెషన్ మాత్ర సంగతి, దాని వెనకున్నది సెరటోనిన్ అనే ఇంకో రసాయనం. దాన్ని ‘ఆనంద హార్మోన్’ అంటుంటే నాకు చిరాకు. 1948లో దాన్ని రక్తం సీరంలోంచి విడదీశారు, రక్తనాళాల్ని బిగిస్తుంది కాబట్టి సీరం, టోన్ (బిగువు) కలిపి సెరటోనిన్ అని పేరు పెట్టారు, అందులో ఆనందం ఊసే లేదు. ఒంట్లోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం పేగుల దగ్గరే ఉంటుంది. పేగు గోడలోని కణాలు దాన్ని వదిలితే పేగు కదులుతుంది, మరీ ఎక్కువైతే వేగస్ నరం ద్వారా మెదడుకి కబురెళ్లి వికారం మొదలవుతుంది. వాంతులకిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ ఆపేది సరిగ్గా ఈ కబురునే. రక్తంలోని ప్లేట్‌లెట్లు కూడా దాన్ని మోసుకెళ్లి గాయం దగ్గర వదులుతాయి. ఇదంతా మెదడుకి ఉపయోగపడదు, రక్తంలోని సెరటోనిన్ అక్కడికి దాటలేదు, మెదడు తనది తనే తిండిలోంచి వచ్చే ట్రిప్టోఫాన్ అనే పదార్థంతో తయారుచేసుకుంటుంది.

మీకిచ్చింది ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అనే రకం డిప్రెషన్ మాత్ర అయితే అది కణాలు సెరటోనిన్‌ని తిరిగి లోపలికి తీసుకోకుండా ఆపుతుంది, మెదడులోనే కాదు, పేగులో కూడా. అందుకే నాకు మొదటి పది రోజులూ వికారమే, మనసు కాస్త తేలికపడటానికి మాత్రం నెల పట్టింది. ఏం లాభం లేదనుకుని మధ్యలో ఒకసారి నేనే ఆపేశాను, రెండు రోజులు తల తిరిగి మంచం దిగలేకపోయాను. మీరు ఆ పని చేయకండి, వికారం మరీ ఎక్కువగా ఉంటే రాసిచ్చిన డాక్టర్‌కే ఫోన్ చేసి అడగండి, నాకైతే భోజనం తర్వాత వేసుకోమన్నారు, రెండో వారానికి తగ్గింది.