ఎర్ర మొక్కల మీద రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

అక్వేరియంలో మొక్కల్ని ఎర్రగా పెంచడానికి పది చిట్కాలంటూ నువ్వు రాసిన వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. వాక్యం నడపడం నీకు వచ్చు, దాని గురించి చెప్పేదేం లేదు. నాకు అడ్డం తగిలింది వేరే. "ఎర్ర మొక్కలు" అన్న మాట ప్రతి పేరాలో ఉంది, ఒక్క మొక్క పేరు మాత్రం ఎక్కడా లేదు. ఫొటోలో ఉన్నది రొటాలా రొటుండిఫోలియా అని నేను పోల్చుకున్నాను. చదివేవాడు పోల్చుకోలేడు కదా. నీ మాట నమ్మి దుకాణానికి వెళ్తాడు, అక్కడ ఎర్రగా కనబడ్డ ఆల్టర్నాంథెరా అనే వేరే మొక్క కట్ట కొనుక్కొస్తాడు, నువ్వు చెప్పావు కదా అని నీళ్ళలో నైట్రేట్ (మొక్కకు నత్రజని అందించే లవణం) తగ్గించి దాన్ని పస్తు పెడతాడు. కొన్నాళ్ళకు కింది ఆకులు రాలిపోయి వట్టి కాడలు మిగులుతాయి. నువ్వు రాసింది అబద్ధమని కాదు, అది రొటాలాకు చెల్లే మాట.

అందుకని నేను అడిగేది ఒకటే: ఏ మొక్క, ఏ నీళ్ళలో, ఏ నెలలో ఎర్రబడిందో రాయి. ఈ మూడూ లేని చిట్కా ఎంత చక్కగా రాసినా ఎవరికీ పనికిరాదు.

మొక్క దగ్గర మొదలుపెడదాం. రొటాలా, లుడ్విజియా లాంటి నీటి మొక్కల్లో కనిపించే ఎరుపు ఆంథోసయనిన్ అనే వర్ణకానిది. మామిడి చిగురుకు ఆ రాగి రంగు వచ్చేదీ దానివల్లే. లేత ఆకులో పత్రహరితం ఇంకా నిండలేదు, ఎండ మాత్రం నేరుగా పడుతోంది. ఆ తాకిడిని కాస్త తగ్గించే తెరలా ఈ వర్ణకం పనిచేస్తుంది. ఆకు ముదిరాక పచ్చదనం దాన్ని కప్పేస్తుంది. నీళ్ళలోని రొటాలాలోనూ జరిగేది దాదాపు అదే. వెలుతురు దండిగా ఉంటే మొక్క చక్కెర బాగా తయారుచేసుకుంటుంది. ఆ చక్కెరతో కొత్త ఆకులు కట్టుకోవడానికి నత్రజని కావాలి. అది కొంచెం కొరవడితే చక్కెర మిగిలిపోతుంది, ఆంథోసయనిన్ తయారీ పెరుగుతుంది. నైట్రేట్ తగ్గిస్తే రొటాలా ఎర్రబడుతుందనే మాట వెనక ఉన్న సంగతి ఇది. నువ్వు "నైట్రేట్ తగ్గించండి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పి ఉంటే, ఎంతవరకు తగ్గించాలో పాఠకుడు తనే ఆలోచించుకునేవాడు.

ఆల్టర్నాంథెరా దారి వేరు. అది తోటకూర కుటుంబానిది. ఆ కుటుంబంలో ఆంథోసయనిన్ ఉండదు, దాని స్థానంలో బీటాలెయిన్లు ఉంటాయి. బీట్‌రూట్, ఎర్ర తోటకూర, ఎర్ర బచ్చలి కాడ, అన్నిటిదీ ఆ రంగే. ఈ రెండు రకాల వర్ణకాలూ ఒకే మొక్కలో కలిసి ఉండవు. పైగా బీటాలెయిన్ అణువులోనే నత్రజని ఉంది. అలాంటి మొక్కను నత్రజనికి మాడిస్తే ఏమొస్తుంది? దానికి వేళ్ళ దగ్గర మంచి సారం ఉండాలి, నీళ్ళలో నైట్రేట్, పొటాషియం తగినంత ఉండాలి. కడుపు నిండితేనే ఆకు అడుగు భాగం ఆ ముదురు గులాబీ రంగు తేలుతుంది.

మూడో రకం కూడా ఉంది. ఎర్ర టైగర్ లోటస్ అనే కలువ తీసుకో. అది పుట్టుకతోనే ఎరుపు. సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ లేకపోయినా, లైటు మామూలుగా ఉన్నా దుంప నుంచి ఎర్ర ఆకులే వేస్తుంది. మొదటిసారి ట్యాంకు పెట్టుకున్నవాడికి ముందు చెప్పాల్సిన మొక్క అదే. నీ వ్యాసంలో దాని ఊసే లేదు. కష్టపడి సాధించేదే గొప్ప అని నీ మనసులో ఉన్నట్టుంది. నీ పాఠకుడు కావాలనుకుంటున్నది ఎరుపు, కష్టం కాదు.

ఇక ఇనుము. నీ వ్యాసానికి గుండెకాయ లాంటి వాక్యం ఇది: "ఐరన్ బాటిల్ వాడిన మూడు వారాల్లో మొక్కలు ఎర్రగా మారాయి." ఈ వాక్యాన్ని కొట్టెయ్. ఇనుము ఎర్ర రంగు కాదు, ఎర్ర రంగులో భాగమూ కాదు. పత్రహరితం తయారవడానికి అది కావాలి. లోపిస్తే కొత్త చిగుళ్ళు ఈనెలు తప్ప మిగతాదంతా పసుపై తెల్లబారతాయి. మొక్కలో ఇనుము ముదురు ఆకుల నుంచి చిగుళ్ళకు సులువుగా కదలదు, అందుకే లోపం ముందు చిగురులోనే కనిపిస్తుంది. వేరుశనగ రైతును అడుగు, సున్నం ఎక్కువున్న నేలల్లో చేను పసుపెక్కితే అన్నభేదిలో (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్) నిమ్మ ఉప్పు కలిపి కొడతారు. చేను మళ్ళీ పచ్చబడుతుంది. అక్కడ పచ్చదనం తెచ్చే ఇనుము ట్యాంకులో ఎరుపు తెస్తుందంటే ఎలా కుదురుతుంది? లోపం ఉన్న మొక్కకు ఇనుము అందితే కోలుకుంటుంది, కోలుకున్న మొక్క తన అసలు రంగు చూపిస్తుంది. అంతవరకు రాయొచ్చు.

రాసేటప్పుడు మన నీళ్ళ సంగతీ కలుపు. మన ఊళ్ళలో చాలా బోర్ల నీళ్ళు కఠినం, పీహెచ్ 8కి అటూఇటూ ఉంటుంది. అందులో వట్టి అన్నభేది వేస్తే ఎక్కువసేపు కరిగి ఉండదు, తుప్పై అడుగున కూర్చుంటుంది. అందుకే ఇనుమును కరిగి ఉండేలా పట్టుకునే చీలేట్లు వాడతారు. వాటిలో ఈడీటీఏ పీహెచ్ ఆరున్నర దాటాక పట్టు విడవడం మొదలుపెడుతుంది. డీటీపీఏ ఏడున్నర దాకా నిలుస్తుంది. ఈడీడీహెచ్ఏ ఇంకా పైకి కూడా తట్టుకుంటుంది గానీ నీళ్ళకే ఎర్ర జీర పట్టిస్తుంది. (ఆ జీర చూసి మొక్కలు ఎర్రబడ్డాయని సంబరపడేవాళ్ళూ ఉంటారు.) ఎరువుల దుకాణంలో దొరికే సూక్ష్మపోషకాల పొట్లం చవక. కాకపోతే అందులో రాగి కూడా ఉంటుంది, మోతాదు మించితే ట్యాంకులోని రొయ్యల్ని చంపేస్తుంది. ఈ ఒక్క హెచ్చరిక నీ పది చిట్కాల కన్నా ఎక్కువమందికి పనికొస్తుంది.

మరి నీ మొక్కలు నిజంగానే ఎర్రబడ్డాయి కదా, ఎందుకు? ఫొటోల మీద తేదీ చూశాను. డిసెంబరు రెండో వారం నుంచి జనవరి మొదటి వారం దాకా. హీటర్ లేని ట్యాంకులో నీళ్ళు ఆ రోజుల్లో బాగా చల్లబడతాయి. చలి ఆంథోసయనిన్‌ను పెంచుతుంది. అదే నెలల్లో తెలంగాణలో పత్తి చేల వైపు వెళ్ళి చూడు, ఈనెలు పచ్చగా, మధ్యలో ఆకు ఎర్రగా కనిపిస్తుంది. రాత్రి చలి కొంత, మెగ్నీషియం లోపం కొంత. వ్యవసాయాధికారులు లీటరుకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి పిచికారీ చేయమంటారు. పత్తి రైతుకు ఆ ఎరుపు దిగులు. మొక్కజొన్న రైతుకు ఊదా రంగు తిరిగిన ఆకు భాస్వరం చాలలేదన్న కబురు. ట్యాంకు ముందు కూర్చున్న మనకు మాత్రం ఎరుపు కనబడితే చాలు, పండగ. ఈ తేడా గురించి ఒక పేరా రాయి. నీ వ్యాసంలో ఎవరూ ఇంతకు ముందు రాయనిది ఏదైనా ఉంటే అది ఇదే అవుతుంది.

అదే ఐరన్ బాటిల్ మే నెలలో వాడి చూడు. మన గదుల్లో నీళ్ళు 30 దాటతాయి, 32కీ వెళ్తాయి. వేడి నీళ్ళలో సీఓటూ తక్కువ కరుగుతుంది, మొక్క శ్వాసకే ఎక్కువ ఖర్చు పెట్టుకుంటుంది, రొటాలా పాలిపోయి నారింజ పచ్చగా సాగుతుంది. ట్యాంకు అంచుకు చిన్న ఫ్యాను బిగించి నీటి మీదికి గాలి కొట్టిస్తే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేర మళ్ళీ బోరు నీళ్ళే పోస్తే లవణాలు పేరుకుంటాయి కాబట్టి ఆర్ఓ నీళ్ళు పోయమని రాయి. చల్లటి దేశాల్లో రాసిన సలహాల్లో ఈ ముక్క ఉండదు, వాళ్ళకు హీటర్ ఎంత వాట్లదన్నదే సమస్య.

లైటు గురించి నువ్వు రాసిన పేరా పొడుగ్గా ఉంది, కానీ రెండు విషయాలు కలిసిపోయాయి. రంగు పుట్టించే వెలుతురు వేరు, రంగు చూపించే వెలుతురు వేరు. తీక్షణమైన కాంతి, అందులోనూ నీలం భాగం, ఆకులో వర్ణకాన్ని పెంచుతుంది. ఎల్ఈడీలో ఎరుపు డయోడ్లు ఎక్కువుంటే ఆకు ఆ ఎరుపును తిరిగి మన కంటికి పంపుతుంది, అంతే. చవక తెల్ల ఎల్ఈడీ కింద గోధుమ రంగులో కనిపించిన మొక్కే ఆర్‌జీబీ లైటు కింద మండిపోతున్నట్టు కనిపిస్తుంది. మొక్కలో ఏమీ మారలేదు. కాబట్టి లైటు మార్చిన రోజే "ఫలితం కనిపించింది" అని ఎవరైనా అంటే వాళ్ళు చూసింది లైటును. ఫొటో తీసేటప్పుడు ట్యాంకు పక్కన ఒక తెల్ల కాగితం పెట్టు. కాగితం గులాబీగా కనిపిస్తే ఆ ఫొటో అచ్చుకు పనికిరాదు.

సీఓటూ మీద నీ పేరా బాగుంది. డ్రాప్ చెకర్ (నీళ్ళలో సీఓటూ ఎంతుందో రంగుతో చూపే చిన్న బుడ్డి) ఆకుపచ్చకు వస్తే సుమారు 30 పీపీఎమ్, అంటే లీటరుకు 30 మిల్లీగ్రాములు అన్నావు. లోపల కార్బనేట్ కాఠిన్యం 4 డీకేహెచ్ ఉన్న ద్రావణం ఉంటేనే ఆ లెక్క అని చేర్చు. ట్యాంకు నీళ్ళే పోసి రంగు చూసేవాళ్ళున్నారు. చెకర్ ఒకటి రెండు గంటలు ఆలస్యంగా మాట్లాడుతుంది కూడా, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే చెకర్ రంగు కోసం చూస్తూ కూర్చోవద్దని రాయి.

ఇక నైట్రేట్‌కు ఒక అంకె ఇవ్వక తప్పదు. రొటాలాకు 5 పీపీఎమ్ దగ్గర ఆగమను, సున్నాకు దించమనకు. సున్నా అయితే ముందు కింది ఆకులు పసుపెక్కుతాయి, తర్వాత చిగురు సన్నబడి ముడుచుకుపోతుంది, దాని మీద పాకుడు ఎక్కుతుంది. జపాన్‌లో తకాషి అమానో 1982లో స్థాపించిన ఏడీఏ అనే అక్వేరియం సంస్థ పద్ధతిలో నీళ్ళు పలచగా ఉన్నా మొక్కలు బాగుండటానికి కారణం అడుగున ఉన్న మట్టి. అది అమ్మోనియంను పట్టి ఉంచి వేళ్ళకు అందిస్తుంది. వట్టి గులకరాళ్ళ మీద మొక్కలు నాటి, నీళ్ళు మాత్రం ఆయనలా పలచన చేస్తే పస్తే మిగిలేది. చేపలు నిండుగా ఉండి రోజూ మేత పడే ట్యాంకులోనైతే ఈ సమస్య తలకిందులు. అక్కడ నైట్రేట్ దించడమే గగనం.

నువ్వు దగ్గర నుంచి చూసి రాసిన చోటు ఒకటుంది, అదే నాకు నచ్చింది. ఒకే కాడ మీద అడుగు ఆకులు పచ్చగా, నడుమ ఆలివ్ రంగులో, కొస నాలుగంగుళాలు మాత్రం ఎర్రగా ఉన్నాయని రాశావు. అక్కడితో ఆపేశావు, ఇంకా నడవాల్సింది. పై ఆకులు కింది వాటికి నీడ పడతాయి, నీటి లోతుతో వెలుతురు కూడా తగ్గుతుంది. అందుకే ఎర్ర కొసలు కత్తిరించి మళ్ళీ నాటుతారు, పచ్చ మొదళ్ళు పీకేస్తారు. పచ్చబడిన ముదురు ఆకు ఎంత చేసినా తిరిగి ఎర్రబడదు, మార్పు కొత్త ఆకుల్లోనే తెలుస్తుంది. అంటే నువ్వు ఇవాళ ఏదైనా మారిస్తే దాని తీర్పు రెండు మూడు వారాలు ఆగి, కొత్తగా వచ్చిన కణుపుల్ని చూసి రాయాలి. ఆ మధ్యలో ఇంకోటి మార్చావో, ఏది పనిచేసిందో నీకే తెలియదు.

దుకాణంలో కొన్న మొక్క గురించి కూడా ఒక మాట. నర్సరీల్లో చాలావరకు నీటి పైనే పెంచుతారు. అలా పెరిగిన ఆకులు ట్యాంకులో మునిగాక రాలిపోవడం మామూలే. రొటాలా రొటుండిఫోలియా గాలిలో గుండ్రటి ఆకు వేస్తుంది, నీళ్ళలో సన్నటి ఆకు వేస్తుంది. కొత్తవాడు ఇది చూసి వేరే మొక్క అంటగట్టారని దుకాణదారు మీదికి పోతాడు. రొటాలా మాక్రాండ్రా మాత్రం మొదట్లోనే కొనొద్దని చెప్పు. అది దక్షిణ భారతపు మొక్కే, పశ్చిమ కనుమల వైపుది. మన మొక్కే కదా అని బోరు నీళ్ళలో వేస్తే కొసలు కమిలి కరిగిపోతుంది. లవణాలు తక్కువున్న మెత్తటి నీళ్ళు, నిలకడైన సీఓటూ ఉంటే తప్ప నిలవదు.

తిరగరాసేటప్పుడు పది చిట్కాల పద్ధతి వదిలెయ్. ఒక్క రొటాలా మీదే రాయి, నీ ట్యాంకు, నీ బోరు, నీ డిసెంబరు. ఆల్టర్నాంథెరా ఇంకో నెలకు ఉంచుకో.

దాని కోసం ఇప్పుడే ఒక పని మొదలుపెట్టు. రైతుబజారులో పొన్నగంటి కూర కట్ట కొను. అది కూడా ఆల్టర్నాంథెరాయే, అక్వేరియం దుకాణంలో అమ్మే ఎర్ర ఆల్టర్నాంథెరాకు దగ్గరి చుట్టం. చెరువు గట్టున తడిలో బతికే మొక్క, పూర్తిగా మునిగి బతకడం దానికి కష్టం. నాలుగు కాడలు ట్యాంకులో ముంచి నాటు, నాలుగు కుండీలో తడి మట్టిలో గుచ్చు. రెండింటికీ ఒకే కిటికీ వెలుతురు పడేలా పెట్టి, వారానికోసారి కొస ఆకు రంగు, కింది ఆకు రంగు, నీటి ఉష్ణోగ్రత పుస్తకంలో రాస్తూ పో. మిగిలిన కట్టను పప్పులో వెయ్యమని అమ్మకిచ్చెయ్.

ఇట్లు,
మీ మాస్టారు