ఎవరెస్ట్ చూసొచ్చిన చెల్లెమ్మకు

చెల్లెమ్మా,

నీ వ్యాసం అందింది. ఖాట్మండులో చిన్న విమానం ఎక్కి ఎవరెస్ట్ చూసొచ్చిన సంగతి మన దేవరకొండ పిల్ల రాసిందంటే నాకు చాలా సంతోషం. ఆ ఇష్టంతోనే కాస్త గట్టిగా చెబుతున్నాను.

'శిఖరాల మీదుగా పక్షుల్లా ఎగిరాం' అన్నావు. మీరు శిఖరాల మీదుగా పోలేదు, పక్కనుంచి పోయారు. ఆ విమానాలు 25,000 అడుగులు దాటవు. ఎవరెస్ట్ 8,848.86 మీటర్లు, అంటే 29,000 అడుగుల పైమాటే. విమానంలో కూర్చున్నా ఆ కొండ నీకంటే ఎత్తునే ఉంది! నీ వ్యాసంలో ఇంతకు మించిన సంగతి లేదు. దాన్ని పాత పోలిక కింద కప్పేశావు.

'మాటల్లో చెప్పలేను' అన్న చోటల్లా కొట్టెయ్. అక్కడ గౌరీశంకర్, చో ఓయు, నుప్ట్సే, లోట్సే శిఖరాల పేర్లు రావాలి. ఏది ముందు కనబడింది? ఏది దేని చాటున ఉంది? ఎవరెస్ట్ కొసన తెల్లని పొగలాంటిది సాగుతుంటే చూశానన్నావు. పడమటి గాలి మంచుపొడినీ మబ్బునూ ఈడ్చుకుపోవడం అది. అలాంటివి ఇంకా రాయి. మబ్బు పడితే ఫ్లైట్ రద్దవుతుందన్న టెన్షన్‌కు మాత్రం రెండు వాక్యాలు చాలు.

నువ్వు గుట్టల మధ్య పెరిగినదానివి. మన నల్లగొండ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. హిమాలయాలు పైకి లేవడం మొదలై 5 కోట్ల ఏళ్లే. ఎవరెస్ట్ కొసన ఉన్నది ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. ముసలి గుట్టల నీడ నుంచి వెళ్లి పసి కొండల్ని చూశావు. మలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కింది కదా, ఆమె రాయెక్కడం నేర్చుకున్నది మన భువనగిరి గుట్ట మీదే. నీ వ్యాసంలో మన గుట్ట ఒక్కటీ లేకపోవడం నాకు వెలితిగా ఉంది.

'అమ్మ కిటికీకి చెయ్యి అడ్డం పెట్టి ఎండ ఆపుకుంది' అన్న వాక్యం మాత్రం ముట్టుకోకు. మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే. ఒక్కొక్కరినీ కాక్‌పిట్‌లోకి పిలిచి చూపించారని రాశావు. మరి అమ్మ వెళ్లిందా? ఏం చూసింది? ఆమెనే అడిగి, ఆమె ఎలా చెబితే అలాగే రాయి. తిరగరాసి పంపు, నేను ఎదురుచూస్తుంటాను.

నీ అన్న,
నల్లగొండ